ఐండ్‌హోవెన్‌లో మా మొదటి ఏడాది: నేల లేని ఇల్లు, చీజ్‌తో తంటాలు, బందరు ప్రయాణం

నెదర్లాండ్స్ వెళ్లేముందు మాకు సలహాలిచ్చినవాళ్లంతా వీసా గురించే చెప్పారు. తీరా చూస్తే అన్నిటికంటే తేలిగ్గా అయిపోయింది వీసానే. అద్దె ఇంట్లో నేల కూడా ఉండకపోవచ్చనీ, అంగట్లో పసుపుపచ్చగా మెరిసే చీజ్‌లో చాలావాటికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వేసి పాలు విరగ్గొడతారనీ, బడికెళ్లే పిల్లని సంక్రాంతికి ఊరికి తీసుకెళ్లడానికి అక్కడి చట్టం ఒప్పుకోదనీ ఒక్కరూ చెప్పలేదు. అందుకే అలాంటివే రాస్తున్నాను. మాది బందరు. ఇంటిల్లిపాదీ శాకాహారులం. వెళ్లింది మా ఆయన, నేను, ఆరేళ్ల మా పాప.

2023 ఫిబ్రవరిలో మా ఆయనకి అక్కడ ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగానికి ఆఫర్ వచ్చింది. కంపెనీకి అక్కడి ప్రభుత్వ గుర్తింపు ఉంటే వీసా దరఖాస్తు వాళ్లే పెడతారు. మాకు మూడు వారాల్లోపే అనుమతి వచ్చేసింది. ఆలస్యమంతా మన కాగితాల దగ్గరే. పెళ్లి సర్టిఫికెట్, పాప పుట్టిన సర్టిఫికెట్ రెండిటికీ అపోస్టిల్ ముద్ర, అంటే మన కాగితాలు విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర, వేయించాలి. పాప పుట్టగానే తీసుకున్న సర్టిఫికెట్‌లో పేరు లేదు, ముందు పేరు చేర్పించాలి. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పెళ్లి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంది. మనకి ఇదేమంత విషయం కాదు గానీ అక్కడ కంప్యూటర్‌లో ఇంటిపేరుకి వేరే గడి, పేరుకి వేరే గడి. ఏజెంటు ఫీజుతో కలిపి పద్నాలుగు వేల రూపాయలు, ఐదు వారాల సమయం పట్టింది. ప్రయాణం ఇంకా ఖాయం కాకపోయినా ఈ పని మాత్రం మొదలుపెట్టుకోండి.

మా ఆయన మే నెలలో వెళ్లారు. నేనూ పాపా ఆగస్టు రెండో వారంలో దిగాం. ఐండ్‌హోవెన్‌లో విదేశీ ఉద్యోగుల కోసం ఎక్స్‌పాట్ సెంటర్ ఉంది. అక్కడ ఒకే అపాయింట్‌మెంట్‌లో ఊరి రిజిస్టర్‌లో పేరు నమోదు, బీఎస్‌ఎన్ అనే పౌర సంఖ్య, నివాస కార్డు మూడూ అయిపోయాయి. ఇండియా నుంచి వచ్చినవాళ్లు మూడు నెలల్లోపు క్షయ పరీక్ష చేయించుకోవాలి. మాకు ఛాతీ ఎక్స్‌రేతో సరిపోయింది. ఆరోగ్య బీమా నాలుగు నెలల్లోపు తీసుకోవాలి. ఆఖరి రోజు తీసుకున్నా ప్రీమియం మాత్రం మొదటి రోజు నుంచీ లెక్కగట్టి వసూలు చేస్తారు కాబట్టి ఆగినందువల్ల మిగిలేదేమీ లేదు. పెద్దవాళ్లకి తలా నెలకి 140 యూరోలు దాకా అయింది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి ప్రీమియం లేదు. బీమా ఉన్నా ఏడాదిలో మొదటి 385 యూరోల ఖర్చు మన జేబులోంచే పోతుంది. ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ లెక్కలోకి రాదు, రక్తపరీక్షలూ ఆస్పత్రీ అయితే వస్తాయి.

ఇక ఇల్లు. అక్కడ అద్దె ప్రకటనలు మూడు రకాలుగా ఉంటాయి. ఫర్నిచర్‌తో సహా ఇచ్చేవి ఒక రకం. నేల, కర్టెన్లు ఉండి సామాను లేనివి ఇంకో రకం. మూడోదాన్ని 'కాల్' అంటారు, అంటే బోడి ఇల్లు. ఫర్నిచర్ ఉన్న ఇంటికీ దీనికీ నెలకి నాలుగు వందల యూరోలు తేడా ఉండటంతో మా ఆయన బోడి ఇల్లే ఖాయం చేశారు. అద్దె 1,450, రెండు నెలల అద్దె అడ్వాన్సు. ఇల్లు దొరకడానికి మూడు నెలలు పట్టింది. జీతం అద్దెకి మూడు రెట్లకి పైగా ఉండాలని చాలాచోట్ల అడిగారు. కొన్ని ఇళ్లకైతే చూడ్డానికి వెళ్లేసరికే గుమ్మం ముందు క్యూ ఉందట.

తాళం తీసి లోపలికి అడుగుపెడితే కింద బూడిదరంగు కాంక్రీటు, దాని మీద పాత జిగురు మరకలు. పైన బల్బులుండాల్సిన చోట వేలాడుతున్న వైర్లు. ముందున్నవాళ్లు తాము కొనుక్కున్న నేలచెక్కలు, కర్టెన్ కడ్డీలు, దీపాలు అన్నీ ఊడదీసుకుని వెళ్లిపోయారు. అక్కడ అది మామూలే, ఎవరి నేల వాళ్లది. పాలు పొంగిద్దామని గిన్నె కూడా తెచ్చుకున్నాను, పొయ్యి కూడా మనమే కొని పెట్టుకోవాలట! పక్కింటావిడ దగ్గర కరెంటు పొయ్యి అడిగి తెచ్చి పొంగించాం. పొంగిన పాలు కాంక్రీటులోకి ఇంకిపోయాయి, తుడిచే పని తప్పింది.

అరవై చదరపు మీటర్లకి లామినేట్ చెక్కలు, కింద పరిచే మెత్తటి షీటు కలిపి 1,100 యూరోలు. వేయడానికి మనిషిని పెడితే ఇంకో 700 అవుతుందన్నారు. మా ఆయన, ఆఫీసులో స్నేహితుడు ఇద్దరూ వీడియోలు చూసుకుంటూ రెండు వారాంతాల్లో వేసేశారు. మెట్లు ఎంత నిటారుగా, ఇరుకుగా ఉంటాయంటే సోఫా వాటిమీదుగా ఎక్కదు. బయట నిచ్చెన లాంటి లిఫ్టు పెట్టి కిటికీలోంచి లోపలికి పంపిస్తారు. దానికి గంట లెక్కన అద్దె. సామాను కొన్న తర్వాత తెలిసే ఖర్చు ఇది, ముందే లెక్కలో వేసుకోండి.

మా ఇంటికి సైకిల్ మీద పావుగంట దూరంలో వెల్డ్‌హోవెన్ ఉంది. ప్రపంచంలో అత్యాధునిక చిప్‌లను అతినీలలోహిత కాంతితో ముద్రించే ఈయూవీ యంత్రాలు తయారుచేసే ఒకే ఒక్క కంపెనీ ఏఎస్‌ఎంఎల్ అక్కడిదే. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది అందులోనో, దానికి విడిభాగాలు ఇచ్చే కంపెనీల్లోనో పనిచేస్తున్నారు. మా ఆయనది రెండో రకం. అయినా ఊర్నించి ఫోన్ చేసినవాళ్లు అడిగేది మాత్రం తులిప్‌లు, చీజ్, చెక్క బూట్ల గురించే. యంత్రం గురించి మా మామయ్యగారొక్కరే అడిగారు, ఒక్కోటి ఎంతుంటుందని. వెయ్యి కోట్ల రూపాయల పైమాటేనని చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

ఆగస్టు 28న బడి మొదలైంది. డచ్ రాని పిల్లల్ని మొదట భాష నేర్పే ప్రత్యేక తరగతిలో వేస్తారు. పాప తరగతిలో సిరియా, టర్కీ, యుక్రెయిన్ పిల్లలున్నారు. భాష గురించి నేను పడిన టెన్షన్ అనవసరం, క్రిస్మస్‌కల్లా అది నిద్రలో కూడా డచ్‌లో కలవరించింది. అసలు ఇబ్బంది లంచ్ బాక్సు దగ్గర వచ్చింది. మొదటి రోజు స్టీలు డబ్బాలో పులిహోర పెట్టి పంపాను. సగానికి పైగా అలాగే వెనక్కి వచ్చింది. తినడానికి ఇచ్చేది పావుగంటో ఇరవై నిమిషాలో, వేడి చేసే వీలు లేదు, పిల్లలందరూ తినేది రొట్టె. రొట్టెకి వెన్న రాసి, దానిమీద హాహెల్‌స్లాహ్ అనే చాక్లెట్ పలుకులు చల్లుకుని మధ్యాహ్న భోజనంగా తింటారు. పెద్దవాళ్లు కూడా! "అమ్మా, నాకూ అదే కావాలి" అని పాప పట్టు. చాక్లెట్ జల్లిన రొట్టెని అన్నం బదులు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. చివరికి వారంలో రెండు రోజులు చాక్లెట్ రొట్టె, మూడు రోజులు చీజ్ రొట్టె అని రాజీకొచ్చాం. పులిహోర బడి నుంచి వచ్చాక.

అలా చీజ్ మా ఇంట్లోకి వచ్చింది. మా అత్తయ్యగారు ఫోన్‌లో అడిగిన ఒక్క ప్రశ్నతో దాని కథ మొదలైంది. "అమ్మాయ్, అందులో ఏం కలుపుతారో కనుక్కున్నావా?" ప్యాకెట్ మీద చూస్తే పాలు, ఉప్పు, కల్చర్ (మన తోడు లాంటిది), స్ట్రెమ్‌సెల్ అని ఉంది. స్ట్రెమ్‌సెల్ అంటే పాలు గడ్డకట్టించే రెన్నెట్. సంప్రదాయంగా దాన్ని పాలు తాగే దూడల నాలుగో పొట్టలోంచి తీస్తారు. సూక్ష్మజీవుల నుంచి తయారుచేసింది కూడా ఉంది. చిక్కేమిటంటే చాలా ప్యాకెట్ల మీద ఏ రకమో రాయరు. 'మైక్రోబీల్' అనో 'వెజిటారిష్' అనో రాసి ఉంటే ధైర్యంగా కొనుక్కోవచ్చు. ఏమీ రాయకపోతే అడగాల్సిందే.

శనివారం మా ఊళ్లోనే వూన్సెల్ అనే పేటలో పెద్ద సంత జరుగుతుంది. అక్కడ చీజ్ బండి ఆవిడ నేను అడిగిన దానికి ఏమాత్రం విసుక్కోకుండా, ఒక్కో చీజ్ చక్రం తిప్పి చూపించి నాకు పనికొచ్చేవి విడిగా పెట్టింది. కొనేముందు ప్రతిదీ సన్నటి చెక్క కోసి రుచి చూపిస్తారు, మొహమాటపడక్కర్లేదు. గౌడా చీజ్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది దాని వయసు. నాలుగు వారాలది 'యోంగ్', మెత్తగా, చప్పగా ఉంటుంది, పిల్లలకి నచ్చుతుంది. నాలుగు నెలలది 'బెలేహెన్'. పదినెలలు దాటితే 'ఔట్', గట్టిగా, పెళుసుగా, ఉప్పగా ఉంటుంది. పాత చీజ్‌లో పంటికింద పలుకుల్లాగా తగిలేవి ఉప్పు కాదు, మాంసకృత్తులు విరిగి ఏర్పడిన స్ఫటికాలు. ప్యాకెట్ మీద 48+ అని ఉంటే నీరు తీసేసిన పదార్థంలో కొవ్వు కనీసం 48 శాతం అని. మొత్తం చీజ్‌లో సగం కొవ్వే అనుకుని కంగారుపడక్కర్లేదు. దోసె మీద వేసుకోవడానికి యోంగ్, బెలేహెన్‌ల మధ్య రకం బావుంటుంది. పాతది కరగదు, నూనె వదిలేసి బిరుసెక్కుతుంది.

నాకు బాగా నచ్చింది జీలకర్ర చీజ్. అవును, మన జీలకర్రే. లైడెన్ ఊరి పేరుతో ఎప్పట్నుంచో చేస్తున్నారు. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ వాళ్లు లవంగాలు కూడా వేస్తారు. పరాయి దేశపు చీజ్ కొరికితే నోట్లో పోపు వాసన రావడం వింతగా అనిపించింది. ఇంకో ఆనందం కార్నెమెల్క్. ఏ సూపర్ మార్కెట్‌లో అయినా డబ్బాల్లో దొరికే పుల్లటి మజ్జిగ. మజ్జిగ పులుసుకి పెరుగు చిలకాల్సిన పని లేకుండా పోయింది. కరివేపాకు మాత్రం ఇండియన్ షాపులో గుప్పెడు రెమ్మలు రెండు యూరోలు.

పిల్లల స్వీట్లకి కూడా లేబుల్ చూడక తప్పదు. అక్కడ పుట్టినరోజు పిల్లలు తరగతికంతా ఏదో ఒకటి పంచుతారు, మెత్తటి జెల్లీ బిళ్లల్లో ఎక్కువగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పాప టీచర్‌కి చెబుదామని భయపడుతూ వెళ్తే, ముస్లిం పిల్లల కోసం జెలటిన్ లేని స్వీట్ల డబ్బా ఒకటి ఆవిడ ఎప్పుడో పెట్టి ఉంచింది. మా పాప కూడా అందులోంచే తీసుకోవడం మొదలుపెట్టింది.

సెప్టెంబరులో సైకిళ్లు కొన్నాం. నాకు గజెల్ కంపెనీ పాత సైకిల్ ఒకటి 150 యూరోలకి దొరికింది, తాళాలకే ఇంకో యాభై. చక్రానికి బిగించి ఉండే తాళం ఒకటి, స్తంభానికి కట్టే లావుపాటి గొలుసు ఒకటి, రెండూ కావాలి, లేకపోతే మర్నాటికి సైకిల్ ఉండదు. చిన్నప్పుడు బందరులో కాలేజీకి సైకిల్ మీదే వెళ్లినదాన్నే గానీ, దీనికి హ్యాండిల్ దగ్గర బ్రేకే లేదు. పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. మనకి అలవాటేమో దిగువలో ఊరికే పెడల్ వెనక్కి తిప్పుతాం కదా, అలా చేస్తే ఉన్నపళంగా ఆగిపోతుంది. సందుల్లో సాధన చేశాకే పాపని వెనక కూర్చోబెట్టుకున్నాను. వెనక చక్రానికి రెండువైపులా కోటు చిక్కుకోకుండా కవరు ఉంటుంది, చున్నీకి కూడా అది రక్షణే. ఎర్ర దారి సైకిళ్లది, దానిమీద నడిస్తే గంటలు కొట్టేస్తారు. సైకిల్ తొక్కుతూ ఫోన్ పట్టుకుంటే జరిమానా. వానలో ఎలాగని అడగకండి. వానలోనే. ప్యాంటు మీద వేసుకునే వాన ప్యాంటు మంచిది కొనుక్కోండి, చవకది నెలకే కుట్ల దగ్గర కారుతుంది.

నవంబరు నాటికి నాకు ఊరి మీద బెంగ పట్టుకుంది. పొద్దున ఎనిమిదింటికి కూడా చీకటే, సాయంత్రం ఐదుకి మళ్లీ చీకటి. మా ఆయన ఆఫీసుకి, పాప బడికి. నేను, బూడిదరంగు కిటికీ. సరిగ్గా అప్పుడే సింటర్‌క్లాస్ సందడి మొదలైంది. నవంబరు మధ్యలో ఎర్ర బట్టల ముసలాయన ఓడలో దిగుతాడు, డిసెంబరు 5 రాత్రి బహుమతుల పండుగ. పిల్లలు రాత్రి బూటులో ఆయన గుర్రం కోసం క్యారెట్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి దాంట్లో చాక్లెట్ అక్షరం ఉంటుంది, వాళ్ల పేరులో మొదటిది. సన్నగా ఉండే ఐ అక్షరం అయినా వెడల్పాటి ఎమ్ అయినా బరువు ఒకటే ఉండేలా చేస్తారు. లేకపోతే అన్నదమ్ములు కొట్టుకుంటారుగా! పాపతో పాటు ఆ పండుగ పాటలు నేర్చుకోవడానికి బడివాళ్లు తల్లుల్ని పిలిచారు. ఆ వంకన ఇద్దరు తల్లులతో స్నేహం కుదిరింది. ఆ నెల గట్టెక్కింది వాళ్లవల్లే.

సంక్రాంతికి ఊరెళ్దామని టికెట్లు చూస్తూ బడిలో అడిగితే కుదరదన్నారు. ఐదేళ్లు నిండాక బడి తప్పనిసరి, సెలవుల్లో కాకుండా పిల్లని ఊరికి తీసుకెళ్తే జరిమానా వేస్తారు. మత పండుగకైతే రెండు రోజుల ముందు చెప్పి ఒక రోజు సెలవు తీసుకోవచ్చు. దీపావళికి అలాగే తీసుకున్నాం. కానీ ఒక్క రోజులో బందరు వెళ్లి రాలేం కదా. కాబట్టి మొదటి ప్రయాణం వేసవి సెలవుల్లోనే, టికెట్ ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు. ముగ్గురికీ కలిపి 3,300 యూరోలు. మార్చిలో కొంటేనే అంత.

ఏప్రిల్‌లో కూకెన్‌హాఫ్ అనే తులిప్ తోట చూశాం. ఏడాదిలో ఎనిమిది వారాలే తెరుస్తారు, 70 లక్షల దుంపలు నాటుతారు. అమ్మ తులిప్ దుంపలు తెమ్మంది. తులిప్ మొలకెత్తి పూయాలంటే ముందు వారాల తరబడి చలి కావాలి. బందరు ఎండలో ఫ్రిజ్‌లో పెట్టి పెంచాల్సిందే. పైగా ఇండియాలోకి మొక్కలు, దుంపలు తేవాలంటే ఆరోగ్య ధ్రువపత్రం, అనుమతి కావాలి. వద్దనుకున్నాం. అమ్మ ఇప్పటికీ నా మాట నమ్మలేదు, బరువని వదిలేశాననే అనుకుంటోంది.

జులైలో సర్దుకునేటప్పుడు సగం పెట్టె చీజే. మా మరిది ఎర్ర మైనం పూసిన గుండ్రటి ఈడమ్ చీజ్ కావాలన్నాడు. తీరా చూస్తే ఎర్ర మైనం ఎక్కువగా ఎగుమతికే, అక్కడి అంగళ్లలో ఉండేది పసుపుపచ్చది. కోయని చిన్న చక్రాలు, గాలి తీసి ప్యాక్ చేసిన పాత ముక్కలు అయితే ప్రయాణంలో పాడవవు, మెత్తటివి తీసుకోకండి. సంతలో అడిగితే గాలి తీసి ప్యాక్ చేసిస్తారు. స్ట్రోప్‌వాఫెల్ డబ్బాలు కూడా తీసుకున్నాం. రెండు పల్చటి అప్పాల మధ్య పాకం పెట్టిన బొబ్బట్టు అనుకోండి. పొగలు కక్కే టీ కప్పు మీద మూతలా కాసేపు పెడితే పాకం కరుగుతుంది. గుడ్డు లేని రకం వెతికి తీసుకున్నాను, అత్తయ్యగారి కోసం. డెల్ఫ్ట్ నీలి పింగాణీలో చేత్తో చిత్రించింది కొనే స్తోమత మాకు లేదు. రాజుగారి పుట్టినరోజు పండుగ కింగ్స్ డే నాడు, ఏప్రిల్ 27న, వీధుల్లో అందరూ పాత సామాను పరిచి అమ్ముతారు. అప్పుడు మూడు యూరోలకి అచ్చు వేసిన పళ్లెం ఒకటి దొరికింది, అది చాలనుకున్నాం.

ఇండియా కస్టమ్స్ ఫారంలో పాల పదార్థాలు తెస్తున్నారా అని ఒక ప్రశ్న ఉంటుంది. మేం అవునని రాసి, చెప్పాల్సిన సామాను ఉన్నవాళ్లు వెళ్లే రెడ్ ఛానల్‌లోకి వెళ్లాం. అధికారి ఏముందని అడిగి, పెట్టె తెరిపించి, చీజ్ చూసి వదిలేశారు. పావుగంట పట్టింది. గ్రీన్ ఛానల్‌లో నడిచివెళ్లే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇంట్లో పంపకాలు ఇలా జరిగాయి. జీలకర్ర చీజ్ రెండు రోజుల్లో అయిపోయింది. పాత గౌడా నాన్నకి తప్ప ఎవరికీ నచ్చలేదు. "1605లో డచ్చివాళ్లు మన బందరొచ్చి అద్దకం బట్టలు ఓడలకెత్తుకుని పోయారు, నాలుగొందల ఏళ్లకి నువ్వు బదులు తెచ్చావు" అని ఆయన మర్నాడు పాపని డచ్చి సమాధుల దగ్గరికి తీసుకెళ్లారు. అది రాళ్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదివిందట. స్ట్రోప్‌వాఫెల్ అందరికీ నచ్చింది. ఉప్పు డ్రాప్ అనే నల్లటి బిళ్లలు మాత్రం మిగిలిపోయాయి. వాటిలో ఉండేది అతిమధురమే, దగ్గుకి మనం చప్పరించేదే. కానీ దానికి నవాసారం ఉప్పు కలుపుతారు. మా ఆయన సరదాకి ఒకటి అత్తయ్యగారి చేతిలో పెట్టారు. ఆవిడ నోట్లో వేసుకుని, లేచి పెరట్లోకి వెళ్లి, వచ్చి, "ఒరేయ్, పాపకి ఇలాంటివి పెడుతున్నారా అక్కడ?" అన్నారు.

బందరులో ఉండగానే ఈత క్లాసు నుంచి మెయిల్ వచ్చింది. అన్నీ కాలవలే కాబట్టి అక్కడి పిల్లల్లో చాలామంది ఈత డిప్లొమా చేస్తారు. పాప పేరు వెయిటింగ్ లిస్టులో ఎక్కించి దాదాపు పది నెలలైంది. సెప్టెంబరు నుంచి చోటుంది, వారంలో ఖాయం చేయకపోతే పక్కవాళ్లకి ఇచ్చేస్తామని రాశారు. నెలకి 55 యూరోలు. డబ్బు అక్కడి నుంచే కట్టేశాం.